సర్కారు లక్షలు ఊరికే ఇస్తుందా?
బరంపురం, గంజాంలో చిన్న వ్యాపారం పెట్టేవారికి: అపోహలు – వాస్తవాలు

బరంపురం పేరు చెప్పగానే పట్టుచీర తర్వాత గుర్తొచ్చేవి అప్పడాలు, ఊరగాయలు, వడియాలు. ఇంటి వంటగదిలో మొదలై బజారుకెక్కిన సరుకులివి. ఈ పనినే కాస్త పెంచి నలుగురికి కూలి ఇచ్చే యూనిట్ పెడదామనుకునేవారి చెవిన ముందుగా పడే మాట ఒకటుంది: “కేంద్రం లక్షలు ఉచితంగా ఇస్తోందట, ఫలానా ఆయన్ని పట్టుకుంటే పనైపోతుంది.” సాయం ఉన్నమాట నిజమే. అది ఏ రూపంలో, ఎప్పుడు, ఎవరికి అందుతుందన్న దగ్గరే లెక్క తప్పుతోంది.

అపోహ: మంజూరైన నాడే సబ్సిడీ చేతికొస్తుంది.

వాస్తవం: చిన్న వ్యాపారాలకు దొరికే సాయంలో ఎక్కువ భాగం బ్యాంకు అప్పుతో ముడిపడినదే. 2008లో మొదలైన ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం (పీఎంఈజీపీ) ఇందులో పెద్దది. 2022లో సవరించిన నిబంధనల ప్రకారం తయారీ యూనిట్‌కు రూ.50 లక్షలు, సేవల రంగానికి రూ.20 లక్షల దాకా ప్రాజెక్టు పెట్టుకోవచ్చు.

బరంపురం శివారు పంచాయతీలో ఒకావిడ రూ.8 లక్షలతో అప్పడాల యూనిట్ పెడుతోందనుకుందాం. మహిళ కాబట్టి సొంత వాటా 5 శాతమే, అంటే రూ.40 వేలు. మిగతా రూ.7.60 లక్షలు బ్యాంకు ఇస్తుంది. సబ్సిడీ 35 శాతం, అంటే రూ.2.80 లక్షలు. ఈ సొమ్మును ఆమె తీసి వాడుకోలేదు. బ్యాంకులో మూడేళ్లపాటు డిపాజిట్‌గా ఉంటుంది. దానిమీద వడ్డీ రాదు, అప్పులో అంత మొత్తానికి వడ్డీ పడదు. గడువు తీరాక తనిఖీకి వచ్చినవారికి యూనిట్ నడుస్తూ కనిపిస్తే అప్పుకు జమవుతుంది. సబ్సిడీ మీద కన్నేసి, ఏడాదికే షట్టర్ దించేద్దామనుకునేవారికి మిగిలేది అప్పే.

అపోహ: యూనిట్ ఎక్కడ పెట్టినా సబ్సిడీ ఒకటే.

వాస్తవం: చిరునామా మారితే లెక్క మారుతుంది. అదే యూనిట్‌ను ఆవిడ బరంపురం కార్పొరేషన్ హద్దులో పెడితే సబ్సిడీ 25 శాతమే, అంటే రూ.2 లక్షలు. హద్దు దాటితే రూ.80 వేలు ఎక్కువన్నమాట. జనరల్ కేటగిరీ పురుషుడికైతే పట్టణంలో 15 శాతం, పల్లెలో 25 శాతం, సొంత వాటా 10 శాతం.

ఇంకో మెలిక ఉంది. 1992లో గంజాం నుంచి విడిపోయిన గజపతి జిల్లా, కేంద్రం వెనుకబడినవిగా గుర్తించిన ఆకాంక్షిత జిల్లాల్లో ఒకటి. అక్కడ పర్లాకిమిడి చుట్టుపక్కల పల్లెల్లో యూనిట్ పెడితే జనరల్ కేటగిరీ వ్యక్తికీ మహిళలకిచ్చే ప్రత్యేక కేటగిరీ రేటే వర్తిస్తుంది. గంజాం ఆ జాబితాలో లేదు.

అపోహ: ఒడిశాలో తెలుగువాళ్లం మైనారిటీ కాబట్టి మైనారిటీ రాయితీ మనకూ వస్తుంది.

వాస్తవం: రాదు. ఈ పథకంలో మైనారిటీ అంటే ముస్లింలు, క్రైస్తవులు, సిక్కులు వంటి మతపరమైన మైనారిటీలే. భాషకు రాయితీ లేదు. “ఒడియా రానివాళ్లకు లోను ఇవ్వరు” అన్న ఎదురు మాటా అంతే వట్టిది. మాతృభాష ఏదన్న షరతు నిబంధనల్లో ఎక్కడా లేదు.

అపోహ: ముద్ర లోనులో సగం మాఫీ అవుతుంది.

వాస్తవం: 2015 ఏప్రిల్ 8న మొదలైన ముద్ర పూర్తిగా అప్పే. హామీ అడగరు, అదే దాని సుగుణం. శిశు కింద రూ.50 వేలు, కిశోర్ కింద రూ.5 లక్షలు, తరుణ్ కింద రూ.10 లక్షల దాకా ఇస్తారు. తరుణ్ అప్పు సక్రమంగా తీర్చినవారికి రూ.20 లక్షల దాకా ఇచ్చే తరుణ్ ప్లస్ 2024లో వచ్చింది. వేటిలోనూ సబ్సిడీ లేదు.

దీని పేరు మీద మోసాలూ జోరుగానే ఉన్నాయి. “రూ.10 లక్షల ముద్ర లోను మంజూరైంది, బీమా ఖర్చుల కింద రూ.4,500 కట్టండి” అంటూ తిరిగిన ఒక ఉత్తరం నకిలీదని కేంద్ర ప్రభుత్వ పీఐబీ ఫ్యాక్ట్ చెక్ విభాగం తేల్చింది.

అపోహ: చేతివృత్తి వాళ్లందరికీ విశ్వకర్మ పథకం ఉంది.

వాస్తవం: 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మలో 18 వృత్తులే ఉన్నాయి. గోపాల్‌పూర్ తీరాన తెలుగు మాట్లాడే నోలియా మత్స్యకారుల్లో వలలు అల్లేవారు, పడవలు చేసేవారు ఉంటే వారు అర్హులే. పనిముట్లకు ఇచ్చే రూ.15 వేలు తిరిగి కట్టక్కర్లేదు. జీఐ గుర్తింపు పొందిన బరంపురం పట్టు నేసే మగ్గం కార్మికులు మాత్రం ఈ జాబితాలో లేరు. వారికి నేతన్నల ముద్ర వేరే ఉంది. అందులో అప్పు మీద 20 శాతం, గరిష్ఠంగా రూ.25 వేల మార్జిన్ మనీ సాయం వస్తుంది.

అపోహ: ఏజెంటు లేకపోతే ఫైలు కదలదు.

వాస్తవం: పీఎంఈజీపీ దరఖాస్తు ఆన్‌లైన్‌లో, రుసుము లేకుండా జరుగుతుంది. 2020 జులై 1న వచ్చిన ఉద్యమ్ రిజిస్ట్రేషనూ ఉచితమే. ప్రభుత్వ సైటును పోలిన ప్రైవేటు సైట్లు వేలల్లో రుసుము అడుగుతుంటాయి, పేరు చూసి మోసపోకూడదు. సందేహాలుంటే బరంపురంలోని జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడగవచ్చు. లీడ్ బ్యాంకు మేనేజరు దగ్గరికీ వెళ్లవచ్చు. గంజాంలో ఆ బాధ్యత చాలాకాలం ఆంధ్రా బ్యాంకుది. 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. గ్రామీణ యువతకు ఉచిత శిక్షణ ఇచ్చే ఆర్‌సెటీలు కూడా బ్యాంకులు నడిపేవే.

అపోహ: ఇప్పటికే నడుస్తున్న వ్యాపారానికీ పీఎంఈజీపీ వస్తుంది.

వాస్తవం: మొదటి విడత కొత్త యూనిట్లకే. ఏళ్లుగా ఇంట్లో ఊరగాయలు పెట్టి అమ్ముతున్నావిడ చూడాల్సింది 2020లో వచ్చిన పీఎంఎఫ్‌ఎంఈ పథకాన్ని. ఆహార యూనిట్ విస్తరణకు అందులో 35 శాతం, గరిష్ఠంగా రూ.10 లక్షల సబ్సిడీ ఉంది. ఇదీ అప్పుతో ముడిపడినదే. స్వయం సహాయక బృంద సభ్యురాలికి రూ.40 వేల దాకా సీడ్ మనీ కూడా ఉంది. అది బృందాల సమాఖ్యకు గ్రాంటుగా వస్తుంది, సమాఖ్య సభ్యురాలికి అప్పుగా ఇస్తుంది. ఆమె దాన్ని తీర్చాల్సిందే.