టాటా ఊళ్ళో మనవాళ్ళెవరు, పైవాళ్ళెవరు?

జంషెడ్‌పూర్‌లో బిష్టుపూర్ రామమందిరాన్ని ఆంధ్ర భక్తులు కట్టుకున్నారు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఉక్కు కర్మాగారంలో పనికోసం రైలెక్కి, అక్కడే ఇళ్ళు కట్టుకుని మనవల్ని ఎత్తుకున్న కుటుంబాలు ఆ ఊళ్ళో చాలా ఉన్నాయి. బెంగాలీలు, పంజాబీలు, బీహారీలు, ఒడియాలు కూడా అలా వచ్చినవాళ్ళే. ఆ నేల మీద మొదటినుంచీ ఉన్నది సంతాల్, హో, భూమిజ్ జనాలు. ఇలాంటి ఊళ్ళో ఆటగాళ్ళని చూపించి "వీడు లోకల్, వాడు ఫారిన్" అని గీత గీయబోతే చేయి వణకాల్సిందే. ఆ గీత చుట్టూ తిరిగే కొన్ని విశేషాలివి.

అమెరికావాడి పేరు, క్రికెట్ మైదానం

జంషెడ్‌పూర్‌లో అంతర్జాతీయ క్రికెట్ ఆడిన మైదానం కీనన్ స్టేడియం. 1939లో కట్టారు. కీనన్ క్రికెటరేమీ కాదు, ఇంగ్లీషువాడూ కాదు. జాన్ కీనన్ అనే అమెరికన్, టాటా ఉక్కు కర్మాగారానికి జనరల్ మేనేజర్‌గా చేసినవాడు. క్రికెట్టంటే తెలియని దేశంవాడి పేరు మీద క్రికెట్ మైదానం ఉండటం ఆ ఊరికే చెల్లింది.

అసలు ఆ ఊరి తొలి "ఫారిన్ రిక్రూట్లు" ఫుట్‌బాల్ ఆటగాళ్ళు కారు, ఇంజనీర్లు. 1907లో కంపెనీ పెట్టినప్పుడు సలహాదారు న్యూయార్క్ నుంచి వచ్చిన చార్లెస్ పేజ్ పెరిన్. ఊరికి తొలి ప్లాను గీసింది పిట్స్‌బర్గ్ సంస్థ. కొలిమి దగ్గర నైపుణ్యం కావలసిన పనులన్నీ ఒప్పందం మీద వచ్చిన విదేశీయులవి. వాళ్ళ జీతాలు బరువయ్యాయి. మనవాళ్ళకి ఎందుకు నేర్పరన్న ప్రశ్న కూడా లేచింది. 1921లో జంషెడ్‌పూర్ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్ తెరిచారు. దాని పని ఒక్కటే, విదేశీయుల కుర్చీల్లో కూర్చోగల భారతీయుల్ని తయారుచేయడం. 1938లో జహంగీర్ గాంధీ తొలి భారతీయ జనరల్ మేనేజర్ అయ్యాడు. అంటే కంపెనీ పుట్టాక ముప్పై ఒక్క ఏళ్ళకి. ఫుట్‌బాల్‌లో ఈ కథే మళ్ళీ నడిచింది, ఈసారి తలకిందులుగా. ముందు బడి వచ్చింది, విదేశీయులు తర్వాత వచ్చారు.

ముప్పై ఏళ్ళు పెంచి పంపిన ఊరు

టాటా ఫుట్‌బాల్ అకాడమీ 1987లో మొదలైంది. దేశమంతా గాలించి పిల్లల్ని ఏరి, అక్కడే ఉంచి, తిండిపెట్టి, చదువు చెప్పించి ఆట నేర్పే ఏర్పాటు. కార్ల్‌టన్ చాప్‌మన్, రెనెడీ సింగ్, మహేశ్ గావ్లీ, సుబ్రతా పాల్ అందరూ ఆ హాస్టల్లో పెరిగినవాళ్ళే. 2022లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య అధ్యక్షుడైన కళ్యాణ్ చౌబే కూడా ఆ అకాడమీ గోల్‌కీపరే.

ఇంకోసారి ఆ పేర్లు చూడండి. చాప్‌మన్ బెంగళూరు. రెనెడీ మణిపూర్. గావ్లీ గోవా. సుబ్రతా పాల్ కలకత్తా పక్కనున్న సోదేపూర్. "జంషెడ్‌పూర్ తయారీ" అని మనం చెప్పుకునే వాళ్ళలో జంషెడ్‌పూర్‌లో పుట్టినవాణ్ణి వెతుక్కోవాలి. పైగా తయారయ్యాక వాళ్ళు ఆ ఊళ్ళో ఆడలేదు. ఆడటానికి పెద్ద క్లబ్బంటూ ఉంటేగా! 1993లో చాప్‌మన్ ఈస్ట్ బెంగాల్‌కి వెళ్ళి, ఆ ఏడే ఇరాక్ జట్టు అల్ జవ్రా మీద మూడు గోల్స్ కొట్టాడు. ఆ గోల్స్ కలకత్తా లెక్కలోకి పోయాయి. ఇలా ముప్పై ఏళ్ళు జంషెడ్‌పూర్ నారు పోసింది, కోత ఇంకో ఊరు కోసుకుంది.

2017లో టాటా స్టీల్ సొంత జట్టు పెట్టి ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్)లో చేరింది. ఆ తొలి సీజన్‌లో సుబ్రతా పాల్ గోల్‌కీపర్‌గా తిరిగొచ్చాడు. తొలి కోచ్ మాత్రం ఇంగ్లండ్ నుంచి వచ్చిన స్టీవ్ కోపెల్.

ఆరు, ఐదు, నాలుగు

ఐఎస్ఎల్ 2014లో మొదలైనప్పుడు మైదానంలో ఉండే పదకొండుగురిలో ఆరుగురు విదేశీయులు ఉండొచ్చు. భారతీయులు ఐదుగురుంటే చాలు. భారత లీగ్‌లో భారతీయులు మైనారిటీ! 2017–18లో కనీసం ఆరుగురు భారతీయులుండాలన్నారు. 2021–22లో ఏడుగురు కావాల్సిందే, విదేశీయులు నలుగురే అన్నారు. అంతమంది భారతీయులు ఎక్కడున్నారు, ఆట స్థాయి పడిపోతుందని గొణిగినవాళ్ళు ఉన్నారు.

నలుగురి నిబంధన వచ్చిన ఆ మొదటి ఏడాదే, లీగ్ దశలో మొదటి స్థానానికి ఇచ్చే లీగ్ షీల్డ్ జంషెడ్‌పూర్‌కి వచ్చింది.

ఒకే మ్యాచ్‌లో ఇద్దరు "వింత" ఆటగాళ్ళు

షీల్డ్ సంగతికి ముందు ఒక పాత మ్యాచ్ చెప్పాలి. 2018 అక్టోబరు 7, బెంగళూరులో. జంషెడ్‌పూర్ తరఫున టిమ్ కేహిల్ ఆడుతున్నాడు. నాలుగు ప్రపంచ కప్పులాడిన ఆస్ట్రేలియా వీరుడు, వయసు ముప్పై ఎనిమిది. టీవీలో అందరి కళ్ళూ అతని మీదే. తీరా పేరు కొట్టేసింది మాత్రం జంషెడ్‌పూర్‌కే చెందిన ఓ కుర్రాడు. సబ్‌స్టిట్యూట్‌గా దిగి గోల్ కొట్టాడు, మ్యాచ్ 2–2తో ముగిసింది. కాగితాల ప్రకారం అతని వయసు పదహారు. ఐఎస్ఎల్ చరిత్రలో అతి చిన్న వయసులో గోల్ చేసినవాడని పత్రికలు మోతెక్కించాయి. పైవాడు ముసలివాడు, మనవాడు పసివాడు. రాసేవాళ్ళకి ఇంతకంటే ఏం కావాలి?

కొన్నాళ్ళకే కాగితాలు తిరగేశారు. కుర్రాడి అసలు వయసు ఇరవై ఎనిమిదని తేలింది. సమాఖ్య ఆర్నెల్లు సస్పెండ్ చేసింది. కేహిల్ కూడా ఆ సీజన్ చివరిదాకా ఉండలేదు. "స్థానికం" అనే ముద్ర ఒక్కటి చాలు, మిగతా వివరాలు ఎవరూ అడగరు అన్న ధీమా మన ఆటల్లో ఇంకా ఉంది. వయసు దాచడం దానికి పుట్టిన బిడ్డే అని నా అనుమానం.

షీల్డ్ తెచ్చిన ఇద్దరు

2021–22. కోవిడ్ వల్ల మ్యాచ్‌లన్నీ గోవాలోనే. కోచ్ ఓవెన్ కోయిల్ స్కాట్లండ్ నుంచి వచ్చినవాడు. జట్టుకి మెదడు గ్రెగ్ స్టీవార్ట్, అతనూ స్కాట్లండే. పది గోల్స్ కొట్టాడు, ఇంకో పది కొట్టించాడు, ఆ సీజన్ ఉత్తమ ఆటగాడిగా గోల్డెన్ బాల్ తీసుకున్నాడు. "విదేశీయులే గెలిపించారు" అని తేల్చేయడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదనిపిస్తుంది.

కానీ 2022 మార్చి 7న ఏటీకే మోహన్ బగాన్‌తో ఆఖరి లీగ్ మ్యాచ్ జరిగింది. తేలాల్సింది షీల్డ్ ఎవరిదన్నదే. స్కోరు 1–0. ఆ ఒక్క గోల్ కొట్టింది రిత్విక్ దాస్, పశ్చిమ బెంగాల్‌లోని బర్న్‌పూర్ కుర్రాడు. బర్న్‌పూర్ అంటే తెలుసుగా, అదీ ఉక్కు కర్మాగారం ఊరే. ఇరవై మ్యాచ్‌ల్లో 43 పాయింట్లు. ఫ్యాన్సు "ఫర్నేస్" అని పిలుచుకునే సొంత మైదానం జేఆర్‌డీ టాటా స్పోర్ట్స్ కాంప్లెక్స్ ఆ సంబరం చూడలేకపోయింది, అది వేరే బాధ.

ఆ తర్వాత కోయిల్ వెళ్ళిపోయాడు, స్టీవార్ట్ ముంబయి సిటీకి పోయాడు. మరుసటి సీజన్‌లో జంషెడ్‌పూర్ పదకొండు జట్లలో పదోది. షీల్డ్ ముంబయికి. ఇంకో రెండేళ్ళకి స్టీవార్ట్ మోహన్ బగాన్‌లో ఉన్నాడు. 2024–25 షీల్డ్ మోహన్ బగాన్‌కి! మూడు ఊళ్ళు, మూడు షీల్డులు, ఒకే మనిషి. విదేశీ ఆటగాణ్ణి తెచ్చుకోవడంలోని లాభం, చిక్కు రెండూ ఇక్కడే ఉన్నాయి. వచ్చేటప్పుడు తెచ్చినది వెళ్ళేటప్పుడు మూటకట్టుకుపోతాడు.

కువైట్‌లో పుట్టిన స్వదేశీ

కిందపడ్డ జంషెడ్‌పూర్‌ని లేపింది ఖాలిద్ జమీల్. ఐఎస్ఎల్ జట్టుకి పూర్తిస్థాయి ప్రధాన కోచ్ అయిన తొలి భారతీయుడు ఆయనే. 2024–25లో జట్టుని సెమీఫైనల్ దాకా, సూపర్ కప్ ఫైనల్ దాకా తీసుకెళ్ళాడు. 2025 ఆగస్టులో భారత జట్టు కోచ్ పదవి ఆయన్ని వెతుక్కుంటూ వచ్చింది. పదేళ్ళకు పైగా ఆ కుర్చీలో విదేశీయులే కూర్చున్నారు. ఈ "స్వదేశీ కోచ్" పుట్టింది కువైట్‌లో.

అమెరికాలో కోటా లేదు

ఇప్పుడు సముద్రం దాటదాం. అక్కడ ఇదే గొడవ కాలేజీ టెన్నిస్‌లో ఉంది, కాకపోతే నిబంధన మన లీగ్‌కి సరిగ్గా వ్యతిరేకం. విశ్వవిద్యాలయం జట్టులో విదేశీ విద్యార్థులు ఇంతమందే ఉండాలన్న హద్దు, అక్కడి కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏలో లేనే లేదు. ఫలితంగా పై స్థాయి డివిజన్ వన్ టెన్నిస్‌లో సగానికి పైగా విదేశీయులే. పురుషుల జట్టుకి చాలా కాలం నాలుగున్నర స్కాలర్‌షిప్పులే ఉండేవి. అవును, అర కూడా! ముక్కలు చేసి పంచుకునేవారు. కాలేజీ ఆటగాళ్ళకి డబ్బు చెల్లించే విషయంలో 2025లో కుదిరిన కోర్టు రాజీలో చేరిన విశ్వవిద్యాలయాల్లో ఇప్పుడు స్కాలర్‌షిప్పుల బదులు జట్టులో తలల సంఖ్యకి హద్దు పెట్టారు. ఉన్న కొద్ది చోట్లకి కోచ్ ఎవర్ని తెస్తాడు? ఓడితే పోయేది తన ఉద్యోగం. స్పెయిన్‌లోనో సెర్బియాలోనో అంతర్జాతీయ జూనియర్ టోర్నీలాడి పండినవాణ్ణే తెస్తాడు. స్థానిక పిల్లాడి తల్లిదండ్రులకి మండుతుంది. ఇద్దరి మాటా సబబే.

మరీ ముదిరినవాళ్ళని తేకుండా ఒక అడ్డుకట్ట ఉంది. హైస్కూలు చదువు ముగిశాక ఆర్నెల్లు దాటించి టోర్నీలాడుతూ తిరిగితే కాలేజీలో ఆడే ఏళ్ళలో కోత పడుతుంది. డబ్బు దగ్గర మాత్రం స్థానికులదే పైచేయి. 2021 జూలై నుంచి కాలేజీ ఆటగాళ్ళు తమ పేరు మీద ప్రకటనల డబ్బు తీసుకోవచ్చు. విద్యార్థి వీసా మీదున్నవాడికి సంపాదన మీద ఆంక్షలున్నాయి కాబట్టి ఆ తలుపు సగమే తెరుచుకుంటుంది.

ఈ విదేశీయుల గుంపులో మనవాళ్ళ జాడ తీస్తే బాగుంటుంది. గువాహతిలో పుట్టిన సోమ్‌దేవ్ దేవ్‌వర్మన్ వర్జీనియా విశ్వవిద్యాలయం తరఫున వరసగా మూడేళ్ళు జాతీయ సింగిల్స్ ఫైనల్ ఆడాడు. 2006లో ఓడింది ఒక జర్మన్ చేతిలో. అంటే అమెరికా కాలేజీ ఫైనల్లో అమెరికావాడే లేడు! 2007లో ప్రత్యర్థి జాన్ ఇస్నర్, అసలు సిసలు స్థానికుడు. ఆట జరిగింది ఇస్నర్ సొంత విశ్వవిద్యాలయం కోర్టుల్లో, జార్జియాలోని ఏథెన్స్‌లో. సోమ్‌దేవ్ మూడో సెట్ టైబ్రేక్‌లో గెలిచాడు. 2008లో మళ్ళీ గెలిచాడు, ఈసారి ఆస్ట్రేలియావాడి మీద.

కృష్ణా జిల్లా ఉయ్యూరులో పుట్టిన మైనేని సాకేత్ అలబామా విశ్వవిద్యాలయంలో ఆడాడు. 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో సానియా మీర్జాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం తెచ్చాడు. అక్కడే పురుషుల డబుల్స్ రజతంలో జోడీ సనమ్ సింగ్, వర్జీనియా విశ్వవిద్యాలయం వాడు. అమెరికా కాలేజీల డబ్బుతో పదునెక్కిన రెండు రాకెట్లు భారత్‌కి పతకం తెచ్చాయన్నమాట. హైదరాబాదు అమ్మాయి యమలపల్లి సహజ టెక్సస్‌లోని శామ్ హ్యూస్టన్ స్టేట్‌లో ఆడింది.

నిశేష్ బసవరెడ్డిది దీనికి అటువైపు కథ. నెల్లూరు నుంచి వెళ్ళిన తల్లిదండ్రులకి కాలిఫోర్నియాలో పుట్టి, ఇండియానాలో పెరిగి, స్టాన్‌ఫర్డ్‌లో ఆడాడు. 2025 ఆస్ట్రేలియన్ ఓపెన్ తొలి రౌండులో జొకోవిచ్ నుంచి మొదటి సెట్ లాక్కున్నాడు. మనం నెల్లూరు కుర్రాడని మురిసిపోయాం. అమెరికా లెక్కలో అతను పక్కా స్థానిక ఆటగాడు, విదేశీయుల మధ్య చోటు కోసం పోటీపడాల్సిన ఇంటి పిల్లాడు.

మన దేశం తలుపులకీ గొళ్ళెం ఉంది. లాస్ ఏంజెలెస్‌లో పుట్టి సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి ఆడిన ప్రకాశ్ అమృతరాజ్ భారత్ తరఫున డేవిస్ కప్ ఆడాడు. 2008 చివర్లో కేంద్రం, భారత పాస్‌పోర్టు లేనివాళ్ళు జాతీయ జట్టుకి ఆడరాదంది. అంతటితో ఆ దారి మూసుకుంది.

విజయవాడ బాణం, జంషెడ్‌పూర్ బాణం

మళ్ళీ ఉక్కు ఊరికి వద్దాం. టాటా ఆర్చరీ అకాడమీ 1996లో పెట్టారు. రాంచీ దగ్గర ఆటో నడిపేవాడి కూతురు దీపికా కుమారి 2008లో అందులో చేరి, 2012లో ప్రపంచ నంబర్ వన్ అయింది. శిక్షకురాలు పూర్ణిమా మహతో జంషెడ్‌పూర్ ఆడబిడ్డే. 2024 పారిస్ ఒలింపిక్స్‌కి భారత విలుకాళ్ళ కోసం కొరియా కోచ్‌ని పెట్టుకున్నారు. తీరా ఆయనకి క్రీడల్లోకి అనుమతి కార్డే రాలేదు, వెనక్కి వెళ్ళిపోయాడు. పూర్ణిమ పారిస్‌లో ఉన్నారు.

ఆ క్రీడల్లో విజయవాడ కుర్రాడు బొమ్మదేవర ధీరజ్, టాటా అకాడమీలో తయారైన కోల్‌కతా అమ్మాయి అంకితా భకత్ మిక్స్‌డ్ టీమ్‌గా సెమీఫైనల్ చేరారు. ఒలింపిక్ విలువిద్యలో భారత్ అంతదూరం వెళ్ళడం అదే మొదలు. కాంస్యం పోరులో అమెరికా చేతిలో ఓడి నాలుగో స్థానంలో నిలిచారు.

హైదరాబాద్‌కి మిగిలింది

జంషెడ్‌పూర్‌కి షీల్డ్ వచ్చిన సీజన్‌లోనే, లీగ్ దశ తర్వాతి ప్లేఆఫ్‌లలో తేలే ఐఎస్ఎల్ కప్పు హైదరాబాద్ ఎఫ్‌సీ గెలిచింది. కోచ్ స్పెయిన్‌వాడు మనోలో మార్కెజ్, గోల్స్ వరద పారించింది నైజీరియా ఆటగాడు ఓగ్బెచే. ఫైనల్లో స్కోరు సమం చేసిన సాహిల్ తవోరా, పెనాల్టీలు ఆపిన గోల్‌కీపర్ కట్టిమణి ఇద్దరూ గోవావాళ్ళు. హైదరాబాదేమో 1962 ఆసియా క్రీడల స్వర్ణ ఫుట్‌బాల్ జట్టుకి కోచ్‌గా చేసిన సయ్యద్ అబ్దుల్ రహీం ఊరు. ఆయన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుని గల్లీల్లో ఆడిన కుర్రాళ్ళతోనే నిలబెట్టాడు. ఈ కొత్త క్లబ్బుకి గల్లీలతో అలాంటి బంధం కుదరలేదు. 2025లో పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది.