మోటార్ న్యూరాన్ వ్యాధి: ఏ జన్యువు చెడితే ఆలోచన మారుతుంది?

మోటార్ న్యూరాన్ వ్యాధి అనగానే స్టీఫెన్ హాకింగ్ గుర్తొస్తారు. 1963లో, 21 ఏళ్ల వయసులో ఆయనకు ఈ జబ్బు ఉన్నట్టు తేలింది. కదలిక, మాట రెండూ పోయినా 2018లో కన్నుమూసేవరకు విశ్వం గురించి ఆలోచిస్తూనే ఉన్నారు. అందుకే ఈ జబ్బు కండరాలను కరిగిస్తుందే తప్ప బుద్ధి జోలికి పోదని చాలామంది నమ్ముతారు. అందరి విషయంలో అది నిజం కాదు. ఈ వ్యాధిలో ఎక్కువగా కనిపించే రకం ఏఎల్‌ఎస్. ఆ రోగుల్లో దాదాపు సగం మందికి ఆలోచనలోనో ప్రవర్తనలోనో ఎంతో కొంత తేడా వస్తుంది. కొందరిలో అది ముదిరి, మెదడు ముందు భాగాన్నీ కణతల దగ్గరి భాగాన్నీ దెబ్బతీసే ఫ్రంటోటెంపోరల్ డిమెన్షియాగా మారుతుంది.

ఇది మతిమరుపులా మొదలుకాదు. దేనిమీదా ఆసక్తి ఉండదు, ఎదుటివారి బాధ పట్టదు, ఉన్నట్టుండి తీపి మీద యావ పెరుగుతుంది. మంచాన పడ్డ మనిషికి మొండితనం వచ్చిందని ఇంట్లోవాళ్లు సరిపెట్టుకుంటారు.

ఈ తేడా ఎవరిలో వస్తుందన్నది కొంతవరకు జన్యువు చేతిలో ఉంది. ఏఎల్‌ఎస్ రోగుల్లో పది శాతం మందికి అది కుటుంబంలో వస్తున్న జబ్బే. 1993లో గుర్తించిన ఎస్ఓడీ1 జన్యువులో మార్పు ఉన్నవారిలో ఆలోచన సాధారణంగా చెక్కుచెదరదు. 2011లో బయటపడ్డ సి9ఓఆర్ఎఫ్72 కథ వేరు. అందులో ఆరు డీఎన్ఏ అక్షరాల ముక్క ఒకటి వరసగా పునరావృతమవుతుంది. మామూలుగా ముప్పై సార్లకు లోపే ఉండే ఈ ముక్క, రోగుల్లో వందలు, వేల సార్లు కనిపిస్తుంది. ఈ మార్పు వల్ల ఒకే కుటుంబంలో ఒకరికి కాళ్లూ చేతులూ పడిపోవచ్చు, ఇంకొకరికి డిమెన్షియా రావచ్చు, మరొకరికి రెండూ రావచ్చు.

ఈ తేడాకు ఒక ఆధారం టీడీపీ-43 అనే ప్రొటీన్. (పార్టీతో సంబంధం లేదు!) నాడీకణ కేంద్రకంలో ఉండాల్సిన ఈ ప్రొటీన్ బయటికొచ్చి గడ్డకడుతుంది. ఏఎల్‌ఎస్ రోగుల్లో అత్యధికుల్లోనూ, ఫ్రంటోటెంపోరల్ డిమెన్షియా రోగుల్లో సుమారు సగం మందిలోనూ ఇవే గడ్డలు కనిపిస్తాయి. ఎస్ఓడీ1 రకంలో మాత్రం ఇవి సాధారణంగా ఉండవు. పైగా సి9ఓఆర్ఎఫ్72 మార్పు ఉన్నవారి మెదడులో, లక్షణాలు మొదలవుతాయని అంచనా వేసిన వయసుకు పాతికేళ్ల ముందే థాలమస్ వంటి భాగాలు కుంచించుకుపోతున్నట్టు 2015లో ఓ అంతర్జాతీయ స్కాన్ అధ్యయనం చూపింది.

మందుల విషయంలోనూ దారులు వేరు. ఎస్ఓడీ1 రకానికి టోఫెర్‌సెన్‌ను అమెరికా 2023లో ఆమోదించింది. సి9ఓఆర్ఎఫ్72 కోసం అదే తరహాలో తయారుచేసిన మందు 2022లో పరీక్షల్లో విఫలమైంది.

జన్యువుతోనే అంతా తేలిపోదు. హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రచురించింది. ఒకే భాష తెలిసినవారితో పోలిస్తే, రెండు భాషలు మాట్లాడేవారిలో డిమెన్షియా సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. ఫ్రంటోటెంపోరల్ రకంలో ఆ తేడా ఆరేళ్లు. ఆ రోగులు ఏఎల్‌ఎస్ వారు కారు కానీ, దెబ్బతినే మెదడు భాగాలు అవే.

భాష దగ్గర మరో చిక్కుంది. సూరత్‌లో సలాబత్‌పురా వంటి జౌళి పేటల్లో బతికే తెలుగువారికి ఇంట్లో తెలుగు, పనిలో హిందీ, గుజరాతీ. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులూ నడుపుతోంది. ఏఎల్‌ఎస్ రోగుల కోసం ఎడిన్‌బరో పరిశోధకులు రూపొందించిన పరీక్షలో, ఫలానా అక్షరంతో మొదలయ్యే మాటలు గడువులోగా చెప్పమంటారు. నోరు తిరగనివారు రాయవచ్చు. చెయ్యి, నాలుక నెమ్మదించినందుకు మార్కులు తగ్గకుండా లెక్క సరిచేస్తారు. చదివింది తెలుగులో, పరీక్ష గుజరాతీలో అయితే ఆ లెక్క పనికిరాదు. ప్రవర్తన గురించి ఇంటివారిని విడిగా అడిగే ప్రశ్నలూ అందులో ఉన్నాయి. తీపి మీద యావ గురించి చెప్పాల్సింది అక్కడే.