చాక్లెట్ పూత, పల్లీ ముద్ద: కొన్ని అపోహలు, అసలు వాస్తవాలు

అమెరికా నుంచి వచ్చిన సూట్‌కేసు తెరిస్తే ఈమధ్య బాదంపప్పు పొట్లాల పక్కనే ఓ కుకీల పెట్టె కూడా కనిపిస్తోంది. రెండు బిస్కెట్ల మధ్య పీనట్ బటర్ పెట్టి, పైన చాక్లెట్ పూత పూసినవి. తొలిసారి రుచి చూసినవారిలో కొందరు ఉప్పగా ఉందని పక్కన పెట్టేస్తారు. ఇంకొందరు తెల్లమచ్చలు చూసి పెట్టె పెట్టెంతా పారేస్తారు. ‘పల్లీలేగా, బలం’ అంటూ పిల్లలకు వరసగా అందించేవాళ్లూ ఉన్నారు. ఇలాంటి మంచి తినుబండారం అనవసరంగా చెత్తబుట్ట పాలైనా, మోతాదు మించి పిల్లల కడుపులోకి వెళ్లినా బాధగానే ఉంటుంది.

అపోహ: ఉప్పగా ఉందంటే పాడైనట్టే.

కాదు, ఆ ఉప్పు కావాలని వేసిందే. కొరకగానే పూత పుటుక్కున విరుగుతుంది, బిస్కెట్ పొడిపొడిగా రాలుతుంది, ఆపైన వేయించిన పల్లీల కమ్మటి వాసనతో మెత్తటి ముద్ద అంగిలికి అతుక్కుంటుంది. ఉప్పదనం తెలిసేది అప్పుడే. కోకోలోని చేదును ఉప్పు అణచిపెడుతుంది, తీపి వెగటు పుట్టకుండా చూస్తుంది. బెల్లం పల్లీపట్టీకి అలవాటుపడ్డ నాలుకకు మొదట కొత్తగా ఉంటుంది, అంతే. చాక్లెట్‌కూ పల్లీకీ ఈ జోడీ కొత్తేమీ కాదు. పెన్సిల్వేనియాలోని హెర్షీలో హెచ్.బి. రీస్ పీనట్ బటర్ కప్పులు తయారుచేసింది 1928లో.

అపోహ: పూత మీద తెల్లగా కనిపించేది బూజు.

ఎక్కువ పెట్టెలు పారేసేది దీనికే. కోకో వెన్న సుమారు 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మన ఎండాకాలంలో ఆ వేడి ఇంట్లోనే ఉంటుంది, కారు డిక్కీ సంగతి చెప్పనే అక్కర్లేదు. కరిగిన కొవ్వు పైకి చేరి, చల్లబడ్డాక తెల్లటి పొరలా గట్టిపడుతుంది. పల్లీ ఉన్నచోట ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. లోపలి పల్లీ నూనె మెల్లగా పూతలోకి పాకి దాన్ని మెత్తబరుస్తుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన పెట్టెను వెంటనే తెరిచినా మచ్చలు రావచ్చు. గాలిలోని తేమ చల్లటి పూత మీద చెమ్మగా పట్టి, పైనున్న చక్కెరను కరిగిస్తుంది. చెమ్మ ఆరాక ఆ చక్కెర గరుకుగా మిగిలిపోతుంది. ఈ రెండింటివల్లా ఆరోగ్యానికి హాని లేదు, రూపమూ నోట్లో తగిలే తీరూ మాత్రమే తగ్గుతాయి. బూజైతే నూగులా పైకి లేస్తుంది, ముక్క వాసన వేస్తుంది. కొవ్వు పొరైతే వేలితో కాసేపు అదిమితే కరిగిపోతుంది. నిజంగా చూసుకోవాల్సింది పల్లీ నూనె సంగతి. కుకీ విరిచి వాసన చూడండి, పాతబడ్డ నూనె కంపు కొడితే తినకండి. గాలి చొరబడని డబ్బాలో చల్లటిచోట ఉంచండి. ఫ్రిజ్‌లో పెట్టక తప్పకపోతే, బయటికి తీశాక డబ్బా చల్లదనం పోయేదాకా మూత తియ్యకండి.

అపోహ: పీనట్ బటర్‌ను కనిపెట్టింది జార్జ్ వాషింగ్టన్ కార్వర్.

1916లో పల్లీలతో 105 వంటకాలు చెప్పిన పుస్తిక వెలువరించిన గొప్ప వ్యవసాయ శాస్త్రవేత్త ఆయన. కానీ మాంట్రియల్‌కు చెందిన మార్సెలస్ ఎడ్సన్ పల్లీ ముద్దకు అమెరికా పేటెంట్ పొందింది 1884లోనే.

అపోహ: పల్లీలున్నాయి కాబట్టి ఇది ప్రొటీన్ తిండి.

రెండు టేబుల్‌స్పూన్ల పీనట్ బటర్‌లో దాదాపు 7 గ్రాముల ప్రొటీన్, 190 కేలరీలు ఉంటాయి. కుకీలో పెట్టే ముద్ద అందులో కొంతే, దానికి తోడు చక్కెర, మైదా, నూనె. పల్లీలో కొలెస్ట్రాల్ లేదన్నది నిజమే. అయితే చాలా కుకీల పూతలో కోకో వెన్నకు బదులు పామ్ కెర్నల్ నూనె వాడతారు, అందులో 80 శాతం దాకా సంతృప్త కొవ్వే. పెట్టె మీది పదార్థాల పట్టికలో బరువు ఎక్కువున్న పదార్థం పేరు ముందు వస్తుంది. చక్కెర ఎన్నోది, పల్లీ ఎన్నోది అని ఒక్కసారి చూడండి. ఇది మిఠాయే, మిఠాయిలాగే ఒకటో రెండో తింటే బాగుంటుంది.

అపోహ: పేరులో బటర్ ఉంది కాబట్టి పాలు ఉంటాయి, లేదంటే పూర్తి శాకాహారమే.

రెండూ తొందరపాటు మాటలే. అసలు పీనట్ బటర్‌లో వెన్న ఉండదు. కానీ కుకీలన్నీ ఒకటే లెక్క కాదు. అమెరికాలో గర్ల్ స్కౌట్స్ అనే ఆడపిల్లల సంస్థ అమ్మే, ఒక్కటే బిస్కెట్ అడుగున ఉండే కుకీలనే చూడండి. వాటిని రెండు బేకరీలు తయారుచేస్తాయి. ఒకరిది ట్యాగలాంగ్స్, అందులో పాలపదార్థాలు ఉన్నాయి. మరొకరిది పీనట్ బటర్ ప్యాటీస్, అది వీగన్. అమెరికా పెట్టెల మీద మన ఆకుపచ్చ చుక్క ఉండదు. పాలు, గుడ్డు లాంటి ఎలర్జీ పదార్థాలను విడిగా చెప్పితీరాలి గానీ, జంతువుల కొవ్వు ఆ జాబితాలోకి రాదు. పదార్థాల పట్టిక మొత్తం చదవాల్సిందే.

అపోహ: మనవాళ్లకు పల్లీ ఎలర్జీ ఉండదు.

తక్కువ కావచ్చు, అసలు లేకపోలేదు. తిన్న కాసేపటికే దద్దుర్లు, పెదవుల వాపు, ఆయాసం మొదలైతే ఆలస్యం చేయకూడదు. ఇక్కడైతే 108కి, అమెరికాలో 911కి ఫోన్ చేయండి. మన పిల్లల డబ్బాలో ఈ కుకీలు సర్దే ముందు బడి నియమం కనుక్కోండి. పక్కింటి పిల్లలకు పెట్టే ముందు వాళ్ల అమ్మానాన్నలను తప్పకుండా అడగండి.