కంత గురి రైఫిలుకు ముందు గురి



మదనపల్లె, పుంగనూరు ప్రాంతపు చెనిక్కాయ చేలలో కాయ ఊరే నాటికి అడవిపందుల బెడద మొదలవుతుంది. లైసెన్సు గల రైఫిలు ఉన్నవారు కొందరు, “ముందు గురి ఎటువంటిది పెట్టించుకోవాలి?” అని అడుగుతుంటారు. ఆ సంగతి చెప్పుకుందాం.

ముందుగా చట్టం మాట. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. పైరు పాడుచేసే పందినైనా సరే, అటవీశాఖవారి వ్రాతపూర్వకమైన అనుమతి లేనిదే కాల్చరాదు. కుప్పం వైపు ఏనుగుల మాట ఇంకా గట్టిది. పైరు తిన్నదని ఏనుగును కాల్చేందుకు అనుమతే లేదు. కౌండిన్య అభయారణ్యం 1990లో ఏర్పడినది ముఖ్యంగా వాటి కొరకే. ఏనుగు కనబడితే అటవీ సిబ్బందికి కబురు చేయండి.

ఇక అనుమతి పొందినవారికి గురి ఎందుకు ముఖ్యం? గాయపడి పొదలో దూరిన పంది, మరునాడు కలుపుతీతకు వచ్చిన ఆడకూలీల మీద పడవచ్చును.

వెనుక చిన్న కంత ఉండే గురిని పీప్ సైటు అంటారు. కంతను చూడకూడదు, కంతలోంచి చూడాలి. కన్ను తనంతట తానే నడిమికి చేరుకుంటుంది. కనుక మన చూపు నిలవవలసినది గొట్టం కొననున్న ముందు గురి మీదనే.

ముందు గురులు మూడు రకాలు. వలయపు గురి నల్లచుక్క గల అట్టమీద పందేలకు మంచిది, చేనిలో పనికిరాదు. పూస గురి త్వరగా కనబడుతుంది గాని, ఎండ ఒక పక్కనుంచి పడితే ఆ పక్కే మెరిసి కన్నును మోసగిస్తుంది. తూటా వెలుగుకు అవతలి పక్కకు పోతుంది. తల చదునైన మేకు గురి నమ్మకమైనది. 2 మిల్లీమీటర్ల మేకు కంటికి 90 సెంటీమీటర్ల దూరాన ఉంటే, 50 మీటర్ల వద్ద 11 సెంటీమీటర్ల మేర కప్పుతుంది. పంది రొమ్ము అంతకంటే పెద్దదే గదా! మరీ సన్నని మేకు మునిమాపు వేళ కనబడదు. ఆ వేళకు కంత కూడా కాస్త పెద్దదిగా ఉండాలి.

తరువాత ఎత్తు. అనుమతి గల ఫైరింగు రేంజిలో మూడు తూటాలు కాల్చి చూడండి. తూటా ఎటు తప్పితే ముందు గురిని అటే జరపాలి. పైకి పోతే ఎత్తు పెంచాలి, ఎడమకు పోతే ఎడమకు జరపాలి. ఎంత? రెండు గురుల నడుమ దూరం 75 సెంటీమీటర్లనుకోండి. 50 మీటర్ల వద్ద తూటా 10 సెంటీమీటర్లు పైకి పోతే, గురిని ఒకటిన్నర మిల్లీమీటరు పెంచితే చాలు. తూటా కిందికి పోతే మేకును ఆకురాయితో కొంచెం కొంచెంగా అరగదీయించండి. ఎక్కువ అరిగితే మళ్ళీ పెరగదు. ఈ పని లైసెన్సు గల తుపాకుల మరమ్మతుదారు చేతనే చేయించాలి.

ఒక్కటి మరువకండి. గురి ఎంత మంచిదైనా పంది వెనుక ఏమున్నదో చెప్పదు. పక్క చేని మంచెమీద కాపలావాడు ఉండవచ్చు. అది తేలనిదే మీటమీద వేలు వేయకండి.