ఎండ కాసే వేళ మంచుకొండ

ఏప్రిల్ వస్తే దిల్‌సుఖ్‌నగర్‌లో చెరుకురసం బళ్ల చుట్టూ జనం మూగుతారు. పిల్లల పరీక్షలు అయిపోగానే ఎల్బీనగర్ కాలనీల్లో మనాలీ, గుల్మార్గ్, సిక్కిం కబుర్లు మొదలవుతాయి. మండుటెండ తప్పించుకుని మంచు దగ్గరికి చేరాక, అక్కడ ఆకాశం తేటగా కనిపిస్తే ఇక భయం లేదనుకుంటాం. వసంతకాలంలో ఆ ధీమాయే ముప్పు. ఆ రోజుల్లో కొండమీద ఆకాశం కంటే గడియారమే ముఖ్యం.

చలికాలమంతా మంచు పొర మీద పొరగా పేరుకుంటుంది. ఏప్రిల్, మే ఎండలకు పైపొర కరిగి నీరు లోపలికి ఇంకుతుంది. రాత్రి మబ్బు లేకపోతే వేడి పైకి పోయి ఆ నీరు మళ్లీ గడ్డకడుతుంది, పొరలు బిగుసుకుంటాయి. తెల్లవారుజామున బూటు దిగనంత గట్టిదనం అందువల్లే. మబ్బు కమ్మిన రాత్రి ఆ బిగువు సరిగా రాదు. పొద్దెక్కేకొద్దీ ముందు తూర్పు వాలు, ఆపైన దక్షిణపు వాలు, మధ్యాహ్నం దాటాక పడమటి వాలు మెత్తబడతాయి. ముసురుకు నానిన మట్టిగోడ తెరిపి ఇచ్చాక కూలడం మనకు కొత్తకాదు. తడిమంచు తెగేదీ అలాగే, లోపల చేరిన నీటి వల్ల. మంచుచరియలు ఎక్కువగా విరిగేది 30 నుంచి 45 డిగ్రీల వాలుల్లో. స్కీయింగ్‌కు మనసు లాగే వాలులూ అవే. మంచుముద్దలు వాటంతటవే దొర్లుతున్నా, అడుగు వేస్తే కాలు చీలమండ దాటి దిగుతున్నా, ఇంకా పది గంటలే అయినా సరే, వెనక్కి తిరగాల్సిందే.

మేం స్కీయింగ్ చేసేవాళ్లం కాదు, ఫొటోలు దిగి వస్తాం అనేవాళ్లున్నారు. 2023 ఏప్రిల్ 4న సిక్కింలో నాథులా దారిలో, మిట్టమధ్యాహ్నం చరియ పడి ఏడుగురు పర్యాటకులు చనిపోయారు. అనుమతి పదమూడో మైలు వరకే, ప్రమాదం పదిహేనో మైలు దగ్గర. ఈ మృత్యువు తెలుగునేలకూ కొత్తకాదు: 2016 ఫిబ్రవరిలో సియాచిన్‌లో చరియ బలిగొన్న పదిమంది సైనికుల్లో అప్పటి కర్నూలు జిల్లా బిడ్డ ముస్తాక్ అహ్మద్ ఒకరు.

గైడ్ ఉన్నాడు, పరికరాలున్నాయి అన్న వాదనలో కొంత నిజముంది. కూరుకున్నవారి జాడ చెప్పే బీకన్, మంచులో గుచ్చి వెతికే ప్రోబ్ కర్ర, పార లేకుండా దారిలేని వాలుల్లోకి పోకూడదు. కానీ మంచులో కూరుకున్న మనిషి బతికే అవకాశం మొదటి పది, పదిహేను నిమిషాలు దాటాక వేగంగా పడిపోతుంది. అంత త్వరగా కిందనుంచి సహాయం రాదు. పక్కనున్నవాళ్లే తవ్వితీయాలి, అదీ ముందే సాధన చేసి ఉండాలి. చండీగఢ్‌లోని డీఆర్‌డీవో సంస్థ డీజీఆర్‌ఈ మన హిమాలయాలకు చరియల హెచ్చరికలు ఇస్తుంది. ప్రమాదాన్ని ఐదు మెట్లుగా కొలిచే పద్ధతిలో మూడోది నడిమి మెట్టేలే అనిపిస్తుంది. ఐరోపాలో స్కీయర్ల మరణాలు ఎక్కువగా జరిగేది ఆ మూడో మెట్టులోనే.

బలమైన అభ్యంతరం డబ్బుది. ఏడాదంతా కూడబెట్టి, సెలవు దొరకబుచ్చుకుని వెళ్లిన కుటుంబాన్ని హోటల్‌లో కూర్చోమనడం సులువు కాదు. అందుకే ఆ నిర్ణయాన్ని కొండమీదికి వాయిదా వేయకూడదు. ప్రయాణంలో ఒక రోజు ఖాళీగా ఉంచుకోవాలి. ట్రావెల్స్ ఆఫీసులో అడ్వాన్సు కట్టేముందే అడగాలి: మంచు దగ్గరికి తీసుకెళ్లేది ఎన్నింటికి, తిరిగి దించేది ఎన్నింటికి, హెచ్చరిక వస్తే తేదీ మారుస్తారా?