బల్లపైని రణరంగము

1913వ సంవత్సరమున ఆంగ్ల రచయిత హెచ్. జి. వెల్సు ‘లిటిల్ వార్స్’ అను చిన్న గ్రంథమును ప్రకటించెను. సీసపు సైనికులను నిలిపి, తోటలోని రెమ్మలనే వృక్షములుగ నాటి, యుద్ధక్రీడ నడుపు నియమములు అందు గలవు. నిజమైన యుద్ధ మెంత అవివేకమో గ్రహించుటకు ఈ ఆట చాలునని ఆయన వాదన. మరుసటి సంవత్సరమే ఐరోపా యుద్ధమున మునిగెను.

ఆ క్రీడ నేటికిని పలు దేశములలో బల్లలపై సాగుచున్నది. సైనికుని ఎత్తు సాధారణముగ 28 మిల్లీమీటర్లు. ఇంత చిన్న బొమ్మకు రంగు వేయుటలో ఒక చిక్కు గలదు. మన చొక్కా ముడుతలలో నీడ తనంతట పడును. బొమ్మ ముడుతలకు లోతు చాలదు గనుక ఆ నీడ కంటికి ఆనదు. ఒకే రంగు పూసినచో మూరెడు దూరమునుండి బొమ్మ ఉత్త మచ్చవలె తోచును. కావున నీడను గూడ మనమే వేయవలెను. మొదట ప్రైమరు పూత, ఆరిన పిదప అసలు రంగు, దానిపై నీళ్లవలె పలుచన చేసిన ముదురు రంగు. ఇది పల్లములలోనికి తానే జారి నిలుచును. తుదకు లేత రంగులో కుంచెను ముంచి, గుడ్డకు తుడిచి, దాదాపు పొడి కుంచెతో మిట్టలను మాత్రమే తాకవలెను. కొండపల్లి బొమ్మకు ఈ శ్రమ అక్కరలేదు. నిండు రంగులే దానికి అందము.

కొండలకు థర్మోకోలు పలకలను మెట్లుమెట్లుగ అతికింతురు. ఏటవాలున బొమ్మ నిలువదు. పైన జిగురు పూసి ఇసుక చల్లుదురు. బొమ్మల కొలువులో కొండ కట్టిన పిల్లలకు ఇది కొత్త గాదు. అయితే డబ్బా స్ప్రే రంగును నేరుగ చిమ్మరాదు. అందలి ద్రావకము థర్మోకోలును తినివేయును. నీటితో కలియు రంగులే క్షేమము.