దొమ్మ రోగానికి డీఎన్‌ఏ టీకా

సాలూరు నుంచి ఘాట్ రోడ్డెక్కితే కొరాపుట్ జిల్లా. అక్కడి పల్లెల్లో దొమ్మ రోగం, అంటే ఆంత్రాక్స్, పదే పదే బయటపడుతోంది. మన అరకు, పాడేరు వైపూ కేసులు వచ్చాయి. పొద్దున మేతకెళ్లిన పశువు సాయంత్రానికి కూలిపోతుంది. ముక్కు నుంచి, వెనక నుంచి నల్లటి నెత్తురు కారుతుంది, అది గడ్డకట్టదు. పొట్ట ఉబ్బుతుంది, కాళ్లు సరిగా బిగుసుకోవు. ఆ కళేబరాన్ని కోసినవాళ్ల చేతుల మీద నొప్పి లేని పుండు లేచి, మధ్యలో నల్లటి పెచ్చు కడుతుంది. గాలి తగిలిన బాక్టీరియా స్పోరుగా మారి మట్టిలో దశాబ్దాలు బతుకుతుంది. మట్టిని మందుతో కడగలేం కాబట్టి పశువుకు టీకా వేయడమే దారి.

ఈ రోగానికి కారణం ఒక సూక్ష్మజీవేనని 1876లో రాబర్ట్ కాక్ నిరూపించాడు. 1881లో లూయీ పాశ్చర్ అందరి ముందూ గొర్రెలకు టీకా వేసి చూపించాడు. 1930లలో దక్షిణాఫ్రికాలో మాక్స్ స్టెర్న్, పైతొడుగు కోల్పోయిన బలహీన రకాన్ని తయారుచేశాడు. నేటికీ పశువులకు వేసేది ప్రధానంగా అదే. అయితే అది బతికున్న స్పోర్ల టీకా. రోగం చెలరేగిన మందలో పెన్సిలిన్ ఇస్తుంటే, ఆ మందు టీకాలోని స్పోర్ల నుంచి మొలకెత్తే బాక్టీరియానూ చంపేస్తుంది. రెండూ ఒకేసారి పనికిరావు.

ఆంత్రాక్స్ విషంలో మూడు ప్రొటీన్లుంటాయి. ఒకటి ప్రాణం తీసేది, ఒకటి వాపు తెచ్చేది. మూడోది ప్రొటెక్టివ్ యాంటిజెన్. కణం పొరకు అతుక్కుని మిగతా రెండింటికీ తలుపు తెరుస్తుంది. దాన్ని అడ్డుకునే యాంటీబాడీలుంటే విషం లోపలికి పోలేదు. సూక్ష్మజీవి లేకుండా, ఆ ప్రొటీన్ జన్యువొక్కటే ప్లాస్మిడ్ అనే డీఎన్‌ఏ వలయంలో పెట్టి కండలోకి ఎక్కిస్తే, మన కణాలే ఆ ప్రొటీన్‌ను తయారుచేస్తాయి. కండలోకి ఎక్కించిన డీఎన్‌ఏ పనిచేస్తుందని 1990లో జాన్ వూల్ఫ్ బృందం ఎలుకల్లో చూపింది. ఇలాంటి డీఎన్‌ఏ టీకాలో సూక్ష్మజీవి లేదు కనుక పెన్సిలిన్‌తో పేచీ లేదు.

చిక్కు ఒక్కటే: రోగనిరోధక స్పందన బలహీనంగా ఉండేది. దాన్ని పెంచడమే తరువాతి కథ. ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో రాకేశ్ భట్నాగర్ బృందం, తయారైన ప్రొటీన్ కణంలో ఎక్కడికి వెళ్లాలో చెప్పే సంకేతాలను జన్యువుకు జతచేసింది. ఒక సంకేతం దాన్ని కణం బయటికి పంపుతుంది, ఒకటి కణంలోని లైసోజోము అనే సంచికి చేరుస్తుంది, మరొకటి కణద్రవ్యంలోనే ఉంచుతుంది. 2009లో ప్రచురించిన ఫలితాల్లో, మొదటి రెండూ కలిపిన టీకా వేసిన ఎలుకల్లో సుమారు 90 శాతం బతికాయి. యాంటీబాడీలు 24 వారాల వరకూ గట్టిగా నిలిచాయి.

డీఎన్‌ఏ టీకా మనుషులకు పనికొస్తుందన్న నమ్మకం 2021లో మన దేశమే ఇచ్చింది. జైడస్ క్యాడిలా కోవిడ్ టీకా జైకోవ్-డి, మనుషులకు అత్యవసర అనుమతి పొందిన తొలి డీఎన్‌ఏ టీకా. ఆంత్రాక్స్ డీఎన్‌ఏ టీకా మాత్రం ఇంకా ప్రయోగశాల దాటి రైతుకు అందలేదు. కొండ ఊరి పశువుల పాకదాకా వచ్చినప్పుడే ఈ పరిశోధనకు సార్థకత.

అప్పటిదాకా ఉన్న టీకానే మన రక్ష. రోగం కనబడ్డ ఊళ్లలో ఏటా పశువులకు వేయించండి. ఉన్నట్టుండి చచ్చిన పశువును కోయకండి, తోలు తీయకండి, మాంసం పంచుకోకండి. పశువైద్యునికి కబురు చేసి, ఆయన చెప్పినట్టు లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చండి.